గళ్ళ చొక్కా మీద యూనిఫాం

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా రెండు వారాల పాటు ఏ గోడ చూసినా నేను చేసిన పోస్టరే కనపడేది. కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజులవి, తొంభై తొమ్మిదిలో వానలు అప్పుడే మొదలయ్యాయి. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నా పని అంతమంది చూసింది ఆ ఒక్కసారే. ఇప్పుడు ఎవరైనా కుర్ర డిజైనర్లు వచ్చి పాత పనులు చూపించమంటే పెళ్ళికార్డులు, పుస్తకాల అట్టలు, మందుల షాపుల క్యాలెండర్లు చూపిస్తాను. ఆ పోస్టర్ చూపించను. అసలు దాచుకోనే లేదు. దాచుకుంటే ఎప్పుడో ఒకప్పుడు చూడాల్సి వస్తుందని భయం.

మా కొట్టు చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదే, ఒక పాత ఇంటి మెట్ల కింద గది. ఎదురుగా ఒక పొడుగాటి గోడ, దాని పక్కన జిరాక్స్ షాపు. అప్పటికే నారాయణగూడలో కొందరు కంప్యూటర్లు తెచ్చి పెట్టుకున్నారు. నాకు వాటి మీద చిన్నచూపు. చిన్నచూపు అని పైకి చెప్పేవాణ్ణి, నిజానికి భయం. నేను ఇంకా చేతిపనే చేసేవాణ్ణి. తెల్లటి అట్ట మీద ఫొటో అతికించి, చుట్టూ బొమ్మ గీసి, అక్షరాలు బ్రష్‌తో రాసి, ఆ అట్టను నారాయణగూడలోని ప్రాసెస్ స్టూడియోకు పంపితే వాళ్ళు పెద్ద కెమెరాతో నెగెటివ్ తీసేవాళ్ళు. దాన్నిబట్టి ప్రెస్సువాళ్ళు అచ్చు వేసేవాళ్ళు.

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఎవరైనా ఇంటి ఫొటో తెచ్చిస్తే ముందు దాన్ని స్టూడియోకు పంపి కాపీ తీయించాలి. బ్లేడు పెట్టినా, బ్రష్ పెట్టినా ఆ కాపీ మీదే పెట్టాలి. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజు చెప్పింది బ్రష్ పట్టుకోవడం గురించి కాదు, ఇదే. "ఒగల ఇంటి ఫొటో మీద బ్లేడ్ పెట్టినవనుకో, చేతులు ఇరగ్గొడ్త బిడ్డా" అన్నాడు. పదిహేనేళ్ళు ఆ మాట జవదాటలేదు. కాపీకి ఒక రోజు పడుతుంది. పని ఇచ్చిన పార్టీ ఎంత తొందరపెట్టినా ఆ ఒక్క రోజు నేను అడిగి తీసుకునేవాణ్ణి.

యుద్ధం మొదలయ్యాక నేను నేనుగా లేను. అందరూ అలాగే ఉన్నారు అనొచ్చు గానీ అందరి సంగతి నాకెందుకు. టీవీలో వార్తలు మొదలైతే మా ఇంట్లో అన్నం కంచాలు కూడా ఆ గదిలోకే వచ్చేవి. రోజూ ర్యాలీలు, చందాలు, దిష్టిబొమ్మలు. రెండు వారాల్లో మూడు పోస్టర్లు చేశాను. కొండ, జెండా, తుపాకి. ఒకదాంట్లో శత్రువును కోరలతో గీశాను. చేయించేవాళ్ళు గడ్డం పెట్టమన్నారు, పెట్టాను. గుండ్రటి టోపీ పెట్టమన్నారు, అదీ పెట్టాను. మా కొట్టుకు అట్టలు వేసే ఆయన ఒక సాయబు, బర్కత్‌పుర నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆ బొమ్మ ఆరబెట్టి ఉండగా వచ్చాడు. అట్టల కట్ట దించి, బొమ్మ వైపు కాసేపు చూసి, "చేయి మంచిగ తిరిగింది సాబ్" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అట్టలు ఇంకెవరితోనో పంపించాడు, తను రాలేదు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోయాను. అక్కడే ఆగి ఉంటే మిగతాది జరిగేది కాదేమో.

అశోక్‌నగర్ పక్క బస్తీలో ఒక యూత్ కమిటీ ఉండేది. వినాయకచవితికి మండపం వేసేది వాళ్ళే, యుద్ధం వచ్చింది కాబట్టి ర్యాలీ తీసేదీ వాళ్ళే. కమిటీ పెద్ద నాకంటే అయిదారేళ్ళు చిన్న. అయినా అందరితో పాటు నేనూ ఆయన్ని అన్న అనే పిలిచేవాణ్ణి. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి, ఆయన చూపు టికెట్ మీద ఉంది. ఒక మధ్యాహ్నం స్కూటర్ దిగి లోపలికి వచ్చి, జేబులోంచి ఒక కవరు తీశాడు.

"మన బస్తీకి గూడ ఒక వీరుడు దొరికిండన్న" అన్నాడు.

కవర్లో ఒక కలర్ ఫొటో ఉంది, పోస్టుకార్డుకు రెండింతలు. వెనుక చెరువు, హంసలు గీసిన స్టూడియో తెర. దాని ముందు ఒక కుర్రాడు, పక్కన వాళ్ళమ్మ. నడుము దాకా తీసిన ఫొటో. కుర్రాడిది కొత్త గళ్ళ చొక్కా, మడతల గీతలు ఇంకా పోలేదు. ఆమె నెత్తిన కొంగు కప్పుకుని, చెయ్యి బాగా పైకెత్తి కొడుకు భుజం మీద వేసింది. కుర్రాడు పొడుగు. ఆమె నవ్వడం లేదు. వాడు మాత్రం నవ్వు ఆపుకోలేక పెదాలు బిగబట్టినట్టు ఉన్నాడు.

"పాలమూరోళ్ళు. మన బస్తీలనే ఉంటరు. తల్లి గా కొత్త అపార్ట్‌మెంట్ కాడ ఇటుకలు మోస్తది. పోరడు కశ్మీర్ దిక్కు సచ్చిపోయిండు."

"జవానా?"

"మిలిట్రీ రోడ్డు పని. గుంపు మేస్త్రి తీస్కపోయిండు. కొండ మీదికెళ్లి బండలు పడ్డయంట. ఆడనే కాలబెట్టిన్రు. మేస్త్రి వచ్చి బట్టల సంచి ఇచ్చిండు ఆమెకు."

"అంటే కూలిపనికి పోయినోడు గద అన్నా."

"రోడ్డు లేకుంటె మిలిట్రీ ఎట్ల పోతదే? దేశం కోసం సచ్చినట్టే గద. నువ్వు ఎక్కువ ఆలోచించకు. యూనిఫాం ఎయ్యి, నెత్తికి టోపీ ఎయ్యి. మరీ పోరని లెక్క ఉన్నడు, జర మీసం గిట్ల దిద్దు. ఎల్లుండి ర్యాలీ, రేపు పొద్దుగాల్ల నీ అట్ట ప్రెస్సుల ఉండాలె."

బయటికి వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "ఆమె కాడ ఇదొక్కటే పోటో ఉన్నదంట. పైలం."

ఆ చివరి మాట ఆయన అనలేదని, నాకు తెలియక చేశానని నాకు నేనే చెప్పుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు. ఆయన అన్నాడు, నేను విన్నాను.

కాపీ తీయిస్తే రేపు సాయంత్రానికి వస్తుంది. ఒక్క రోజు ఆగమని అడగొచ్చు. ర్యాలీ ఒక రోజు వెనక్కి జరిగితే యుద్ధం ఏమీ ఆగిపోదు. అడగలేదు. ఎందుకు అడగలేదంటే, నాకు కూడా తొందరగా ఉంది. చెయ్యాలని చేతులు దురదపెడుతున్నాయి. ఫొటో చూడగానే పోస్టర్ మొత్తం కళ్ళ ముందుకు వచ్చేసింది. కొత్త బ్లేడు తీసి, సగానికి విరిచి, కుర్రాడి చుట్టూ కోయడం మొదలుపెట్టాను.

తల్లి చెయ్యి దగ్గర బ్లేడు ఆగింది. వేళ్ళు కొడుకు భుజం మీద ఉన్నాయి, వాటిని తీసేస్తే భుజం కూడా పోతుంది. అందుకని వేళ్ళ మొదళ్ళ దగ్గర కోశాను. ఆమె అటు, నాలుగు వేళ్ళు ఇటు. తర్వాత పోస్టర్ కలర్‌తో చొక్కా మీద యూనిఫాం వేశాను. నున్నటి ఫొటో మీద పోస్టర్ కలర్ నిలవదు, ఒక చుక్క సబ్బునీళ్ళు కలిపితే పట్టుకుంటుంది. ఆ వేళ్ళ మీదికి సరిగ్గా యూనిఫాం భుజం పట్టీ వచ్చింది. అంత బాగా కుదిరినందుకు సంతోషపడ్డాను కూడా. ఇది రాయడానికి ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను, కానీ సంతోషపడ్డాను.

టోపీ, దాని మీది బ్యాడ్జి ఎలా ఉంటాయో నాకు తెలియదు. కోఠి ఫుట్‌పాత్ మీద పిల్లల స్కూలు కోసం అమ్మే చార్టు ఒకటి ఉంది నా దగ్గర, మన సైన్యం అని. అందులో ఒక బొమ్మలోంచి టోపీ, ఇంకో బొమ్మలోంచి బ్యాడ్జి తీసుకున్నాను. మీసం దిద్దాను. కనుబొమలు దగ్గరికి లాగాను. నవ్వు ఆపుకుంటున్న ఆ పెదాల చివర్లు రెండు గీతలతో కిందికి వంచాను. చూస్తుండగానే వాడు పాతికేళ్ళ మనిషి అయ్యాడు, ఎవరినో చంపేంత కోపం వచ్చింది వాడికి. పైన ఎర్రటి అక్షరాలు, 'రక్తానికి రక్తం'. కింద, 'మా బస్తీ వీర జవాన్‌కు జోహార్'. మర్నాడు అట్ట పంపించాక గది ఊడ్చాను. కాగితం ముక్కలతో, విరిగిన బ్లేడుతో పాటు హంసల తెర, ఆమె కూడా చెత్తలోకి వెళ్ళిపోయాయి.

పోస్టర్లు పడిన రోజు పని మానేసి నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్ళాను, నా పని నేను చూసుకోవడానికి. మైదా గంజి ఇంకా ఆరలేదు. స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగి, చెప్పులు విడిచి పోస్టర్‌కు దండం పెట్టుకున్నాడు. నా ఛాతీ ఉబ్బిపోయింది. వెళ్ళి, అది చేసింది నేనే అని చెప్పాలనిపించింది. ర్యాలీలో ఆ తల్లిని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టారు. మెడలో దండ, భుజాల మీద శాలువ. వీరమాత అని మైకులో అరుస్తుంటే ఆమె అటూ ఇటూ చూస్తూ ఉంది, ఇంకెవరినో పిలుస్తున్నారనుకున్నట్టు.

మూడో రోజు సాయంత్రం ఆమె మా కొట్టుకు వచ్చింది. పని మీది నుంచి నేరుగా వచ్చినట్టుంది, పాదాలకు సిమెంటు ఎండి తెల్లగా ఉంది. లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడింది.

"సారూ, నా కొడుకు పోటువ."

"ప్రెస్సుల ఉన్నదమ్మా. రెండు రోజులల్ల ఇస్త."

"గా అన్న నీ కాడనే ఉన్నదన్నడు."

"ఏడికి పోదు. పని అయినంక వస్తది."

నిజానికి అట్ట అప్పటికే స్టూడియో నుంచి తిరిగి వచ్చేసింది. ఆ మాట చెప్తున్నప్పుడు నా వెనుక బీరువాకూ గోడకూ మధ్య ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

రెండు రోజులకు మళ్ళీ వచ్చింది. రాలేదన్నాను. ఇంకో రెండు రోజులకు వచ్చింది. ప్రెస్సువాళ్ళు ఊళ్ళో లేరన్నాను. ఆమె ఎప్పుడూ గొడవ చెయ్యలేదు, ఎందుకని అడగలేదు. సరే సారూ అని వెళ్ళిపోయేది. గొడవ చేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నాలుగోసారి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న గోడ వైపు చెయ్యి చూపించింది.

"గా గోడ మీద సిపాయి ఎవలు సారూ?"

"నీ కొడుకేనమ్మా."

"అందరు గట్లనే అంటున్నరు. దగ్గరికి పోయి సూశిన. నా కొడుక్కు ఇంక మీసాలే రాలే. గింత కోపం ఎన్నడు లేకుండె ఆనికి. నాకైతే గుర్తు వడ్తలేడు." గోడ మీది నుంచి నా వైపు తిరిగింది. "రోజు గా బొమ్మనే కండ్ల వడ్తంది సారూ. మొన్న ఆని మొకం యాది జేసుకుందమంటె గా మీసాల మొకమే వచ్చింది. నా కొడుకు మొకం నేనే మర్శిపోతనేమోనని భయమైతంది. జెర నా పోటువ నాకియ్యి."

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు కోపం తొందరగా వస్తుంది. ఈ గుణం మా ఇంట్లో అందరికీ తెలుసు, వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఆమెకు తెలియదు కదా. "రోజు వచ్చి పరేషాన్ చెయ్యకు. వచ్చినప్పుడు నేనే పంపిస్త" అని కసిరాను. కొడుకు పోయిన మనిషిని, వాడి ముఖం తిరిగి ఇమ్మని అడిగినందుకు కసిరాను. ఆమె మెట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఇంకో ఆయన వచ్చాడు. అశోక్‌నగర్‌లో ఉండే రిటైర్డ్ హవల్దార్, అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. పోస్టర్ కింద మా కొట్టు పేరు చిన్న అక్షరాల్లో వేసుకున్నాను, అది చూసి వచ్చాడట.

"ఈ అబ్బాయిది ఏ రెజిమెంటు?" అని అడిగాడు.

నా చూపు ఆ పిల్లల చార్టు మీదికి పోయింది, ఆయనే మళ్ళీ అన్నాడు.

"టోపీ ఒక రెజిమెంటుది, బ్యాడ్జి ఇంకోదానిది. తప్పు పట్టనీకి రాలేదు. అచ్చుల పొరపాట్లు అయితయి. తల్లికి పెన్షన్ కాగితాలు నింపియ్యాలె, ఆమెకు ఎవరూ దిక్కు లేరంటున్నరు. యూనిట్ తెలిస్తే నేను ఉత్తరం రాస్త."

అంత మంచిగా అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ రాదు. చెప్పలేదు. "నాకు తెల్వదు సార్, కమిటీ వాళ్ళను అడుగుండ్రి" అన్నాను. ఆయన కమిటీ దగ్గరికి వెళ్ళలేదు, నేరుగా అపార్ట్‌మెంట్ కట్టే చోటికి వెళ్ళి ఆమెనే అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నా కొడుకు సిపాయి గాదు సారూ, బండలు కొట్టేటోడు అంది. అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు.

ఆదివారం పొద్దున కమిటీ షెడ్డు ముందు జనం చేరారు. నన్నూ పిలిపించారు. హవల్దార్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు, ఆమె ఇంకో పక్కన. మా అన్న, అదే కమిటీ పెద్ద, ఏమాత్రం తొణకలేదు.

"ఈమెనే చెప్పింది, కొడుకు మిలిట్రీల ఉండెనని. పాపం అని నమ్మినం. మాదేం తప్పు?"

"నేనెప్పుడు జెప్పిన అయ్యా?" అంది ఆమె. గొంతు పెద్దగా కూడా లేదు.

"ఆర్టిస్టన్న ఉన్నడు గద, ఆయన్నే అడుగుండ్రి. చెప్పన్నా, యూనిఫాం ఎందుకేసినవ్?"

అందరూ నా వైపు తిరిగారు. ఆమె కూడా తిరిగింది. ఆమె ముఖంలో ఆశ కనపడింది నాకు. ఈయన చదువుకున్నవాడు, ఈయన చెప్తాడు అన్నట్టు చూసింది. కమిటీ వాళ్ళ పనులు మా కొట్టుకు ఏడాదంతా వస్తాయి. రేపు వాళ్ళు నా తలుపు ముందు నిలబడి గొడవ చేస్తే నేను ఏం చెయ్యగలను? ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటున్న సాకులు. అప్పుడు ఇంత ఆలోచన కూడా లేదు. ఉత్త పిరికితనం.

"నాకేం తెల్వదు. రాసిచ్చింది రాసిన" అన్నాను.

జనంలోంచి ఎవరో, శాలువ కోసం, దండ కోసం ఎంత అబద్ధం ఆడింది అన్నారు. ఇంకెవరో నవ్వారు. ఆమె గుడిసెలోకి వెళ్ళి, ఆ శాలువ ఇచ్చినప్పటి మడతల్లోనే తెచ్చి, షెడ్డులో ఖాళీ కుర్చీ మీద పెట్టింది. హవల్దార్ నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి పోస్టర్లన్నీ చింపేశారు. చినగని చోట్ల వాటి మీదే సినిమా పోస్టర్లు పడ్డాయి. అపార్ట్‌మెంట్ పనిలో తోటి ఆడవాళ్ళు ఆమెను 'సిపాయి తల్లి' అని ఎగతాళి చేస్తున్నారని ఇటుకల లారీ వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

ఆ వారం అట్ట ఎన్నిసార్లు బయటికి తీశానో. తడి దూదితో తుడిస్తే పోస్టర్ కలర్ పోతుంది, అయిదు నిమిషాల పని. మీసం పోతుంది, కోపం పోతుంది. కానీ రంగు పోయాక కోత కనపడుతుంది. ఆమె లేదని కనపడుతుంది. రంగు ఉన్నంతసేపూ ఇంకా పని పూర్తి కాలేదు అని చెప్పుకోవచ్చు. అందుకే తుడవలేదు. మళ్ళీ బీరువా వెనుకే పెట్టేశాను.

ఒక మధ్యాహ్నం పెద్ద వాన. వానకు పని ఆగిపోయినట్టుంది, ఆమె వచ్చింది. ఈసారి మెట్టు మీద ఆగలేదు. లోపలికి వచ్చి, తడి బట్టలతో గచ్చు మీద కూర్చుంది.

"ఇచ్చేదాంక కూసుంట" అంది.

లేచి, బీరువా వెనుక నుంచి అట్ట తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తడిసిన కొంగు చివర వేలికి చుట్టుకుని మీసం మీద రుద్దింది. నల్ల రంగు కొంగుకు అంటుకుంది. నేను దూది ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపింది. పిల్లవాడి ముక్కు తుడిచినట్టు మెల్లగా, ఒక్కో చోటే తుడుచుకుంటూ పోయింది. మీసం పోయింది. కనుబొమలు విడిపోయాయి. పెదాల చివర్ల గీతలు పోయాక, నవ్వు ఆపుకుంటున్న వాడి నోరు బయటికి వచ్చింది. అప్పుడు ఆమె గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, ఏడుపు కాదు. టోపీ తుడిస్తే కింద జుట్టు సగమే ఉంది, టోపీ అంచు ఎక్కడ వస్తుందో చూసుకుని పై జుట్టు ముందే కోసేశాను. భుజం పట్టీ తుడిచినప్పుడు ఆగింది.

"ఇది నా చెయ్యి" అంది.

నాలుగు వేళ్ళు, వాటి వెనుక ఏమీ లేదు.

"నేనేడ సారూ?"

"కోసేసిన అమ్మా. పారేసిన." ఆమెతో నేను చెప్పిన మొదటి నిజం అదే. చెప్తుంటే నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు.

"నేను పోతె పోయిన తీ" అంది. "నేనైతె బతికే ఉన్న గద."

సొల్యూషన్ జిగురుతో అతికించాను కాబట్టి మెల్లగా లాగితే ఫొటో అట్ట నుంచి ఊడి వచ్చింది. ఆమె దాన్ని తిప్పి వెనుక వైపు చూసింది. ఆ తెల్లటి చోటు నాకు చూపించింది.

"రాయి సారూ."

"ఏం రాయాలె?"

"ఆని పేరు రాయి. మా ఊరి పేరు రాయి. బండల పనికి పోయి సచ్చిండని రాయి. సిపాయి గాదని రాయి. వాళ్ళమ్మ ఎవరికి అబద్ధం చెప్పలేదని రాయి."

పెన్ను తీసుకున్నాను. అడుగు ఎత్తు అక్షరాలు కూడా గీత తేడా లేకుండా రాసే చెయ్యి నాది, అయిదు ముక్కలు రాయడానికి మూడుసార్లు ఆగింది. ఆమె చెప్పినవి చెప్పినట్టే రాశాను. అడుగున ఇంకా చోటు మిగిలింది. యూనిఫాం వేసింది నేను అని రాసి, నా పేరు రాద్దామనుకున్నాను. పెన్ను అక్కడ పెట్టాను కూడా. రాయకుండా మూత పెట్టేశాను.

"సదువు" అంది.

చదివాను.

"ఇంకొక్కపారి."

మళ్ళీ చదివాను. ఆమె తల ఊపి, ఫొటో కొంగు కింద పెట్టుకుని లేచింది. వాన తగ్గింది. బస్తీకి వెళ్ళాలంటే కుడి వైపు తిరగాలి. ఆమె తిరగలేదు. రోడ్డు దాటి, నేరుగా జిరాక్స్ షాపుకు వెళ్ళింది. కాపీ తీయించుకుంటుందేమో అనుకున్నాను. ఫొటో వెనుక వైపు తిప్పి అక్కడున్న ఆయన చేతికి ఇచ్చింది. ఆయన గట్టిగా చదివాడు. ఆమె ఏదో అడిగింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా, వేలు పెట్టి చూపిస్తూ చదివాడు. ఆమె ఇంకా ఏదో అడిగింది. అప్పుడు ఆయన అన్నది రోడ్డు ఇవతల నాకు స్పష్టంగా వినపడింది.

"అంతే రాసి ఉందమ్మా. ఇంకేం లేదు."

నేను చదివింది ఆమె నమ్మలేదు, ఇంకొకరితో చదివించి సరిచూసుకుంది. అంతకంటే ఇంకేం చెయ్యగలదు? నేను పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను.